కొల్లేటి ఊళ్లు చూడాలనుకునేవాళ్లకి: నీళ్ల వెంట రెండు రోజులు

డిసెంబరు వచ్చిందంటే హైదరాబాదు నుంచి మా ఆడపడుచు ఫోన్ చేస్తుంది. "వదినా, పిల్లలకి సెలవులిచ్చారు. ఈసారైనా కొల్లేరు సరిగ్గా చూపించు" అంటుంది. నేను పుట్టింది కొల్లేటి లంకలో. హైస్కూలు చదువు కైకలూరులో. పెళ్లయ్యాక ఇరవై రెండేళ్లుగా భీమవరంలోనే ఉంటున్నాను. అందుకని చుట్టాల్లో ఎవరొచ్చినా కొల్లేరు తిప్పే పని నాకే పడుతుంది. ఎలా తిప్పాలో నాకు తెలిసింది రాసి పెడుతున్నాను. మీ చుట్టాలని మీరే తీసుకెళ్లొచ్చు.

మొదటిసారి నేను తిప్పినప్పుడు అన్నీ తప్పులే చేశాను. ఏప్రిల్ నెలలో, పన్నెండు గంటల ఎండలో అత్తమామల్ని కారెక్కించి తీసుకెళ్లాను. గట్ల మధ్య నుంచి అరగంట పోయాక మా మామగారు అద్దం దించి, "ఏదమ్మా మీ కొల్లేరు? అన్నీ చేపల చెరువులే కదా" అన్నారు. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆయన అడిగినదాంట్లో తప్పు లేదు. కొల్లేరు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో తెలియకుండా వస్తే ఎవరికైనా అలాగే అనిపిస్తుంది. అందుకే ముందు అది చెప్పి, తర్వాత ఏ ఊళ్లో ఏం చూడాలో చెబుతాను.

కొల్లేరును గుర్తుపట్టడం

గోదావరి డెల్టాకీ కృష్ణా డెల్టాకీ మధ్య పల్లంలో ఉన్న మంచినీటి సరస్సు ఇది. మనవాళ్లు సరస్సు అనరు, కొల్లేరు అనే అంటారు. బుడమేరు, తమ్మిలేరు లాంటి ఏర్లూ, రెండు డెల్టాల పొలాల నుంచి వచ్చే మురుగు కాలువలూ ఇందులోకి నీళ్లు తెస్తాయి. బయటికి పోవడానికి మాత్రం ఒకటే దారి, ఉప్పుటేరు. అది సుమారు 60 కిలోమీటర్లు నడిచి సముద్రంలో కలుస్తుంది. ఈ చుట్టుపక్కల ఊళ్లన్నీ ఆ నీటి దారిని బట్టి పుట్టినవే. నీళ్లు వచ్చే వైపు ఏలూరు, నడి నీళ్లలో కొల్లేటికోట, ఒడ్డున కైకలూరు, నీళ్లు పోయే దారిలో ఆకివీడు. ఇది మనసులో పెట్టుకుంటే చూసేవన్నీ ఒకదానికొకటి కలుస్తాయి.

ఇక్కడ మీకు తరచూ "కాంటూరు" అనే మాట వినిపిస్తుంది. టీ కొట్టు దగ్గర పెద్దవాళ్లు కూడా "అయిదో కాంటూరు" అంటూ వాదించుకుంటారు. అంటే సముద్ర మట్టానికి అయిదు అడుగుల ఎత్తు గీత. 1999లో ఆ గీత లోపలున్న 308 చదరపు కిలోమీటర్లను అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో రామ్‌సర్ జాబితాలో చేర్చారు, అంటే ప్రపంచం మొత్తం కాపాడుకోవాల్సిన చిత్తడి నేలల్లో ఇదొకటని. 2006లో ఆ గీత లోపల ఉన్న చేపల చెరువుల గట్లు తెగ్గొట్టారు. ఆ రోజుల్లో మా బంధువుల ఇళ్లలో కొందరి బతుకు తలకిందులైంది, కొందరు నీళ్లు తిరిగొచ్చాయని సంతోషించారు. ఇప్పటికీ ఈ విషయం ఎత్తితే మాట పెరుగుతుంది. మీరు అడగండి, కానీ ముందు వినండి. తీర్పు చెప్పకండి. ఇక్కడ ఒకే ఇంట్లో అన్నదమ్ములకి రెండు అభిప్రాయాలుంటాయి.

చేపల చెరువుకీ కొల్లేటికీ తేడా పట్టడం తేలికే. తిన్నగా గీసినట్టున్న గట్టు, నీళ్లు చిమ్మే ఏరేటర్లు, కర్రలకి వేలాడదీసిన మేత బస్తాలు, పక్షులు దిగకుండా పైన లాగిన తాళ్లు కనిపిస్తే అది చెరువు. తుంగ, కిక్కిస, గుర్రపుడెక్క కలిసిపోయి, ఎక్కడ నీళ్లో ఎక్కడ నేలో తెలియకపోతే అది కొల్లేరు. పిల్లలకి ఈ గుర్తులు చెప్పి కారు కిటికీలోంచి పట్టుకోమనండి. దారంతా హుషారుగా ఉంటారు.

ఎప్పుడు, ఎక్కడ దిగాలి

నవంబరు మధ్య నుంచి ఫిబ్రవరి ఆఖరు దాకా రండి. అప్పుడు పక్షులుంటాయి, ఎండ ఓర్చుకోవచ్చు. ఆగస్టు, సెప్టెంబరు, అక్టోబరుల్లో పెద్ద వానలు పడితే వద్దు. ఏలూరు–కైకలూరు రోడ్డు చినఎడ్లగాడి దగ్గర మునిగి రాకపోకలు ఆగిపోతాయి. లంక ఊళ్లకి దారులు కూడా అంతే. ఆ సమయంలో అక్కడి జనం ఇబ్బందుల్లో ఉంటారు, చూడ్డానికి వెళ్లే వేళ కాదు.

బస భీమవరంలో చేయండి. లాడ్జీలు బోలెడు, తిండికి లోటు లేదు. గుడివాడ వైపు వెళ్లే రైలెక్కితే ఉండి, ఆకివీడు, కైకలూరు వరసగా వస్తాయి. పామర్రు–దిగమర్రు రోడ్డు మీద బస్సులు కూడా ఇవే ఊళ్ల మీదుగా పోతాయి. కైకలూరు 35 కిలోమీటర్లకు కాస్త అటూఇటూ. కానీ తెల్లవారేసరికి పక్షుల దగ్గర ఉండాలంటే ముందు రోజు రాత్రే కారో ఆటోనో మాట్లాడుకోవాలి. కైకలూరులో దిగి ఆటో కట్టించుకునేటట్టయితే పక్షుల కేంద్రమున్న ఆటపాక, కొల్లేటికోట, మళ్లీ స్టేషను, మధ్యలో ఎంతసేపు ఆగుతారు, అన్నీ ముందే చెప్పి ఒక మాట అనుకోండి. లంకల వైపు తిరుగు ఆటో దొరకదు. ఓసారి ఒకతను మమ్మల్ని గుడి దగ్గర దింపేసి వెళ్లిపోతే, చిన్నపిల్లతో గంటన్నర ఎండలో నిలబడ్డాం.

తెల్లవారుజామున ఆటపాక

కైకలూరుకి రెండు మూడు కిలోమీటర్లలోనే ఆటపాక. ఏడు గంటలకల్లా అక్కడ ఉండండి. తొమ్మిదిన్నర దాటితే సగం పక్షులు మేతకి పోతాయి, వెలుతురు కూడా కళ్లలోకి కొడుతుంది. లోపలికి టికెట్టు, బోటుకి వేరే టికెట్టు. అటవీ శాఖవాళ్లే నడుపుతారు. లైఫ్ జాకెట్ అందరికీ వేయించండి, ఈతొచ్చిన మగవాళ్లకి కూడా. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లని బోటెక్కించేముందు ఒకసారి ఆలోచించండి. ఎక్కడం తేలిక, దిగేటప్పుడు బోటు ఊగుతుంది. వాళ్లకి ఒడ్డునే కుర్చీ వేయించి కూర్చోబెట్టినా చాలానే కనిపిస్తుంది.

ఇక్కడ చూడాల్సింది గూడబాతులు. అందరూ పెలికాన్లు అనేస్తున్నారు గానీ గూడబాతు అన్న మాట చక్కగా ఉంటుంది, పిల్లలకి నేర్పండి. ముక్కు కింద గూడలాంటి తోలుసంచి ఉంటుంది. చేపల్ని నీళ్లతో సహా తోడి, నీళ్లు వదిలేసి, చేప మింగుతుంది. పొలానికి గూడతో నీళ్లు తోడడం చూసినవాళ్లకి ఆ పేరెందుకో వెంటనే తెలుస్తుంది. రెక్కలు చాపితే రెండు మీటర్లు దాటుతుంది. చాలామంది ఇది సైబీరియా నుంచి వస్తుందని చెబుతుంటారు. కాదు, ఇది మన దేశంలోనే గూడు కట్టి పిల్లల్ని పెంచే పక్షి. శీతాకాలంలో వలస వచ్చే బాతులు వేరే ఉన్నాయి, వాటితో కలిపేయకండి.

గూళ్లు కట్టుకోవడానికి చెట్లు చాలక ఇక్కడ నీళ్లలో ఇనుప స్టాండ్లు నిలబెట్టారు. వాటి మీద గూడబాతులూ, ఎర్రకాళ్ల కొంగలూ పక్కపక్కనే కాపురం పెడతాయి. కింద మెట్టు మీద నీటికాకులు రెక్కలారబెట్టుకుంటూ ఉంటాయి. గూడబాతు పిల్ల తిండి తినడం చూడాలి. తల్లి నోరు తెరిస్తే పిల్ల తల మొత్తం ఆ సంచిలోకి దూర్చేస్తుంది. మా ఆడపడుచు చిన్నకొడుకు మొదటిసారి చూసి, "అత్తా, మింగేస్తోంది!" అని ఏడ్చాడు. ఒక్క నిమిషం ఆగమన్నాను. తల బయటికొచ్చాక వాడు ఊపిరి పీల్చుకున్న శబ్దం నాకు వినిపించింది.

బోటు అతనితో ఎక్కగానే ఒక మాట చెప్పండి: "బాబూ, దగ్గరికి పోనవసరం లేదు, దూరంగా ఆపు." లేకపోతే మీరు ఫొటో బాగా రావాలనుకుంటారని గూళ్ల కిందికే తీసుకెళతారు. పెద్దపక్షి బెదిరి లేచిందంటే గుడ్లు ఎండకి మాడతాయి, కాకులూ గద్దలూ కాచుకునే ఉంటాయి. ఈల వేయడం, చప్పట్లు కొట్టడం, పాటలు పెట్టడం వద్దు. పది మందికి ఒక బైనాక్యులర్స్ ఉన్నా సరిపోతుంది, వంతులు వేసుకోండి. గేటు దగ్గర పక్షుల నమూనాలు పెట్టిన చిన్న కేంద్రం ఉంది. బోటు తర్వాత కాకుండా బోటుకి ముందే అందులోకి వెళ్లండి. పేర్లు తెలిశాక చూసే చూపే వేరు.

ఇంకో సంగతి. 1946లో కె.కె. నీలకంఠన్ అనే కేరళ పక్షిశాస్త్రజ్ఞుడు ఉండి దగ్గర ఆరేడు అనే ఊళ్లో చెట్ల మీద గూడబాతుల గూళ్లు చూసి లోకానికి చెప్పారు. ఊరి మధ్యనే, జనం మధ్యనే గూళ్లు. ఆ తర్వాత అక్కడ ఆ గూళ్లు లేకుండా పోయాయి. భీమవరం నుంచి కారులో వస్తూ ఉండి దాటుతున్నప్పుడు నేను పిల్లలకి ఈ కథ చెబుతాను. ఆటపాకలో ఇనుప స్టాండ్లు ఎందుకు పెట్టాల్సి వచ్చిందో అప్పుడు వాళ్లకి అర్థమవుతుంది.

కొల్లేటికోట

ఆటపాక నుంచి బయటపడి, కైకలూరులో టిఫిను చేసి, శ్యామలాంబ గుడిలో దణ్ణం పెట్టుకుని కొల్లేటికోట బయల్దేరండి. పది కిలోమీటర్ల చిల్లర దారి. రోడ్డు సన్నం, ఎదురుగా చేపల లారీ వస్తే మీరే పక్కకి తీసి ఆగాలి. గట్టు అంచుకి మరీ పోకండి, మట్టి మెత్తగా ఉంటుంది.

కోట అని పేరే గానీ ఇప్పుడు బురుజులు కనిపించవు. పెద్దింట్లమ్మ గుడే ఊరికి ప్రాణం. అమ్మవారిని జలదుర్గ అంటారు. నీళ్ల మధ్య బతికేవాళ్లకి అంతకన్న తగిన పేరేముంటుంది! ఫాల్గుణ మాసంలో జాతర. గోకర్ణేశ్వరస్వామితో కల్యాణం జరుగుతుంది. ఆ రోజుల్లో కొల్లేటి ఊళ్ల ఆడపడుచులంతా పుట్టిళ్లకి వస్తారు. జాతర చూడాలనుకుంటే రండి, కానీ వండుకునే సామాను, ఓపిక రెండూ తెచ్చుకోండి. మిగతా రోజుల్లో ఆదివారం రద్దీ. మొక్కులున్నవాళ్లు కోళ్లు, మేకలు తెచ్చి అక్కడే వండుకుని తిని పోతారు. ప్రశాంతంగా దర్శనం కావాలంటే మంగళ, బుధవారాల్లో వెళ్లండి. సందడి కావాలంటే ఆదివారమే.

మా నాయనమ్మ చెప్పిన కథ ఇది. ఇక్కడ గజపతుల కోట ఉండేదట. చుట్టూ నీళ్లు, దోనె లేకుండా ఎవరూ రాలేరు. శత్రువులు చిగురుకోట దగ్గర దండు దిగి, కొల్లేటి నీళ్లు సముద్రంలోకి తోడేస్తే కోట చిక్కుతుందని కాలువ తవ్వారట. అదే ఇప్పటి ఉప్పుటేరు అంటారు. ఆ పోరులో గజపతుల సేనాని తన కన్నకూతురినే బలిచ్చాడనీ, అందుకే ఆ పాయకి పేరంటాళ్ల కనమ అని పేరొచ్చిందనీ చెప్పేది. చరిత్ర ఎంతో, కథ ఎంతో పక్కన పెట్టండి. మా నాయనమ్మ ఆ అమ్మాయి పేరు చెప్పేటప్పుడల్లా చేతులు జోడించేది. గుడి అరుగు మీద కూర్చుని మీ వాళ్లకి ఈ కథ చెప్పండి. కారులో చెబితే ఎక్కదు.

గుడి వెనక నీళ్ల వైపు కాస్త నడవండి. తాటిదోనెలు కట్టేసి ఉంటాయి. తాటిమాను తొలిచి చేస్తారు. మా నాన్న నిలబడి గెడ వేస్తుంటే దోనె చప్పుడు లేకుండా జారేది. వలలు ఆరేసినచోట, చేపలు పట్టే వెదురు మావులు పేర్చినచోట తొక్కుకుంటూ పోకండి, అవి వాళ్ల బతుకుదెరువు. ఫొటో తీసేముందు "తీసుకోనా అన్నా" అని అడగండి. అడిగితే కాదనేవాళ్లు తక్కువ, పైగా మావు ఎలా పనిచేస్తుందో చూపిస్తారు. చేప లోపలికి వెళుతుంది, అల్లిక పుల్లలు లోపలి వైపు ఒరిగి ఉండడంవల్ల బయటికి రాలేదు. దోనె ఎక్కిస్తారా అని అడగాలనిపిస్తుంది. పెద్దవాళ్లు ఒకరిద్దరు ఎక్కొచ్చు, పిల్లలతో మాత్రం వద్దు. తాటిదోనె కొత్తవాళ్ల బరువుకి ఇట్టే ఒరిగిపోతుంది.

తాగే నీళ్లు మీతోనే తెచ్చుకోండి. మా అమ్మమ్మ బిందె ముంచి తెచ్చిన కొల్లేటి నీళ్లే ఇంట్లో తాగేవాళ్లం. ఇప్పుడు లంక ఊళ్లలో మంచినీళ్లు కొనుక్కుంటున్నారు. మీరు వెళ్లి వాళ్ల క్యాను ఖాళీ చేయకూడదు. ఖాళీ సీసాలు, విస్తళ్లు కూడా మీ కారులోనే వెనక్కి తెచ్చుకోండి. ఇక్కడ పారేసినవి చివరికి నీళ్లలోకే చేరతాయి.

భోజనం, సాయంత్రం

మధ్యాహ్నం కైకలూరులోనో ఆకివీడులోనో తినండి. చేపల పులుసు అడిగేటప్పుడు "ఇవాళ ఏ చేప?" అని అడగండి. బొచ్చె, శీలావతి అంటే చెరువు చేపలు. రుచికేం తక్కువ లేదు. కొరమీను, ఇంగిలాయి, మట్టగిడస ఉన్నాయంటే అవి తీసుకోండి. ఇంటికి పట్టుకెళ్లాలనుకుంటే ఐసుతో థర్మోకోల్ డబ్బాలో కట్టిస్తారు. రాత్రి రైలుకైతే డబ్బా చుట్టూ టేపు గట్టిగా వేయించండి, లేదంటే బోగీలో తోటి ప్రయాణికులకి ఇబ్బంది.

ఎండ తగ్గాక భీమవరం చేరి గునుపూడి సోమేశ్వరస్వామి గుడికి వెళ్లండి. పంచారామాల్లో ఒకటి. లింగం పౌర్ణమికి తెల్లగా, అమావాస్యకి నల్లగా కనిపిస్తుందని చెబుతారు. స్వామి గర్భగుడికి పైన అంతస్తులో అన్నపూర్ణమ్మ ఉంటుంది, మెట్లెక్కి చూడడం మర్చిపోకండి, చాలామంది కిందనే దణ్ణం పెట్టి వెళ్లిపోతారు. గుడి ముందు చంద్రపుష్కరిణి ఉంది. దీపాలు పెట్టే వేళకి ఆ మెట్ల మీద కూర్చోవడానికి పావుగంట ఉంచుకోండి. కార్తీక మాసంలో వస్తే ఆ పావుగంట దొరకదు, అంత జనం.

రెండో రోజు ఏలూరు వైపు

రెండో రోజు నిజానికి చరిత్ర మీద ఇష్టమున్నవాళ్లకి. చిన్నపిల్లలుంటే దీని బదులు పాలకొల్లు వెళ్లి క్షీరారామం తొమ్మిదంతస్తుల గాలిగోపురం చూపించి, మధ్యాహ్నానికి వెనక్కి రండి.

ఏలూరు వెళ్లేటప్పుడు కైకలూరు నుంచి పెదఎడ్లగాడి వంతెన మీదుగా పోయే రోడ్డే పట్టుకోండి. కొల్లేరు అసలు వెడల్పు ఆ రోడ్డు మీదే తెలుస్తుంది. వంతెన మీద బండి ఆపకండి, లారీలు వేగంగా వస్తాయి. దాటాక ఖాళీ చోట ఆపి నడిచి రండి. ఏలూరు చేరాక ఊరికి రెండు వైపులా తమ్మిలేరు పాయలు కనిపిస్తాయి, ఆ నీళ్లే కొల్లేట్లోకి పోయేవి. గోదావరి కాలువ, కృష్ణా కాలువ కలిసేది కూడా ఈ ఊళ్లోనే. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక గోదావరి నీళ్లు ఈ పొలాలకి పారాయి, ఆ పొలాల మురుగు మళ్లీ కొల్లేటికే చేరుతుంది.

ఏలూరు తివాచీలకి పేరున్న ఊరు. మగ్గం మీద నేసేవాళ్లు ఇప్పుడు తక్కువ. ఎవరైనా చూపిస్తే తొందరపెట్టకుండా చూడండి, ఒక్కో ముడి చేత్తో వేస్తారు. అక్కడి నుంచి సుమారు 12 కిలోమీటర్లలో పెదవేగి. ఇదే ఒకప్పటి వేంగి. శాలంకాయనులు, వాళ్ల తర్వాత తూర్పు చాళుక్యులు ఇక్కడి నుంచే ఏలారు. మీరు నిన్న గునుపూడిలో చూసిన గుడికి చాళుక్య భీముడి పేరు చెబుతారే, ఆ వంశం వాళ్లదే ఈ రాజధాని. ఇప్పుడు మట్టిదిబ్బలు, తవ్వకాల్లో బయటపడ్డ ఇటుకలు తప్ప పెద్దగా కనిపించవు. కోట గోడలుంటాయనుకుని వెళితే నిరాశపడతారు. కొల్లేరు ఇంత దగ్గర్లో ఉండబట్టే ఇక్కడ రాజధాని నిలిచిందని నాకనిపిస్తుంది. తిండికి చేపలు, వరి, ఒక పక్కన కాపలాగా నీళ్లు.

తిరుగు ప్రయాణంలో ఆకివీడు దగ్గర ఉప్పుటేరు వంతెన పక్కన పొద్దుగూకే వేళకి ఆగండి. నీళ్ల మీద గుర్రపుడెక్క గుంపులు తేలుతుంటాయి. వానాకాలం తర్వాత వస్తే అవన్నీ సముద్రం వైపే వడివడిగా పోతుంటాయి. నీళ్లు తగ్గిన రోజుల్లో, పోటు సమయంలో అవి నిలబడిపోయి, మెల్లగా కొల్లేటి వైపు వెనక్కి రావడం నేను చూశాను. ఎండాకాలంలో ఉప్పునీళ్లు అలాగే పైకి ఎక్కొచ్చి మంచినీళ్లని చెడగొడతాయని మా చిన్నాన్న బెంగపడేవాడు. మీరు వెళ్లిన రోజు డెక్క ఎటు కదులుతోందో చూసి, పక్కన వల వేస్తున్నవాళ్లని అడగండి. ఆ రోజు పోటో పాటో వాళ్లే చెబుతారు.